ఎండ దిగేదాకా

నంది కొండ మీద టిప్పు సుల్తాను ఎండాకాలపు విడిది ఉంది, ఆ తరవాత వచ్చిన కబ్బన్ దొర పేరు మీద బంగళా ఉంది. ఎత్తు 1,478 మీటర్లు. చిక్కబళ్ళాపురంలో మా మేడ మీద నిలబడితే ఆ కొండ కనిపిస్తుంది. కొండ మీది చల్లదనం మాత్రం కిందికి దిగదు. ఇది చల్లని సీమ అని పేరు పడ్డం వల్లనేమో, ఇక్కడ ఇళ్లు కట్టేవాళ్లు ఎండ సంగతి లెక్కలోకి తీసుకోరు. వాతావరణ శాఖ లెక్కలో మైదానాల్లో 40 డిగ్రీలన్నా తగిలితేగాని వడగాడ్పు మాట ఎత్తరు. బెంగళూరులో 2016 ఏప్రిల్లో 39.2, 2024 ఏప్రిల్ 28న 38.5. రెండూ ఆ గీత కిందే. కాంక్రీటు కప్పుకు ఆ గీత సంగతి ఏం తెలుసు?

ఆ 2024 ఏప్రిల్లోనే అమ్మా నాయనా చింతామణి పక్క పల్లె నుంచి మా ఇంటికి వచ్చారు. పల్లెలో వాళ్లది పాత మిద్దె. రాతి కూసాల మీద బండలు పరిచి, పైన మందంగా మట్టి మెత్తిన కప్పు. మాది అద్దె ఇల్లు, పై అంతస్తు. పొద్దు వాలాక, కప్పు పగలంతా తాగిన వేడి కిందికి దిగుతుంది. రాత్రి పదింటికి గోడ మీద చెయ్యి పెట్టినా కాక తగులుతుంది. డెబ్బై దాటిన మనుషుల్ని పగలు పదకొండు నుంచి అయిదు దాకా గడప దాటనివ్వకూడదు. మరి ఆ ఆరు గంటలూ ఇంట్లో ఏం చేస్తారు?

టీవీ ఉంది, ఫోన్లో భజనలున్నాయి, మా పాప క్యారం బోర్డు ఉంది. వాళ్లు దేన్నీ కాదనలేదు. చుట్టాలింట్లో వడ్డించింది వడ్డించినట్టు తిన్నంత మర్యాదగా, పెట్టిందల్లా చూశారు. బెంగళూరులో ఏసీ మాలుకు పోదామంటే నాయన, "చల్లగాలి కోసరము అంత దూరం ఎండలో పోవాల్నా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇల్లు చల్లబరిచే పని మొదట నాయన చేతిలోకే పోయింది. ఆయన పట్టుపురుగులు మేపినాయన. శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్టుకు ఆయన మోసుకెళ్లిన గూళ్ల డబ్బుతోనే నా చదువు సాగింది. పురుగుకు 24 నుంచి 28 డిగ్రీల లోపల ఉండాలి. దాటితే మేత తగ్గుతుంది, ఆకు ముందే వాడిపోతుంది. ఏసీలు లేని షెడ్లో ఆ వేడిని గోనెపట్టాలూ నీళ్లూ పెట్టి పట్టి ఉంచిన మనిషికి మూడు గదుల ఇల్లు ఒక లెక్కా? పొద్దున ఎనిమిదికల్లా తూర్పు కిటికీలు మూసేశాడు. "వేడెక్కినాక చల్లార్చలేమమ్మా, ఎక్కకముందే మూయాల." పడమటి కిటికీకి తడి గోనె కట్టి, ఎదురు కిటికీ జానెడు తెరిచాడు. తేమ నిలవకూడదట, నిలిస్తే పురుక్కి రోగమొస్తుందట. మేమిప్పుడు పురుగులమా అని పాప పకపకా నవ్వింది. ఇంటి ఓనరును ఒప్పించి, తెల్లవారుజామున కప్పు మీద రెండు పూతలు సున్నం కూడా వేయించాడు. ఆ తరవాత ఫ్యాను కింద కూచుంటే మొహానికి ఆవిరి కొట్టడం తగ్గింది. నీళ్ల విషయంలో మాత్రం ఆయన్ని నమ్మడానికి లేదు. ముసలితనంలో దాహం సరిగా తెలీదు. అడిగితే "దప్పి లేదు" అంటాడు. నీళ్లు వద్దనే మనిషి మజ్జిగ కలిపిన రాగి అంబలిని, నంజుకోను ఎర్రగడ్డ ఉంటే, వద్దనడు. కాబట్టి పొద్దునా మధ్యాహ్నమూ అంబలే.

అమ్మకు పని దొరికింది బాగేపల్లి నుంచి. అక్కడ మా చిన్నమ్మవాళ్ల చింతచెట్టు కాయ ఒక మూట బస్సులో వచ్చింది. చింతకాయ రాలేది సరిగ్గా ఈ ఎండల ముందే. ఆ పక్క హిందూపురం మార్కెట్టుకు పోయే చింతపండు ఎంతో ఇళ్లలో, నీడలో, ఆడవాళ్ల చేతుల మీదుగానే పోతుంది. మధ్యాహ్నం ఖాళీ అనే మాట ఆ ఇళ్లలో నేను వినలేదు. ఎండ ఎక్కేదాకా చేను, ఎక్కినాక చింతపండో చెనక్కాయలో. మేము 'టైంపాస్' వెతుకుతున్నది ఆ పని అలవాటైన మనుషుల కోసం.

అమ్మ గోడకు ఆనుకుని కాళ్లు చాపి, చాప మీద గుండ్రాయి పెట్టుకుంది. కాయ మీద ఒక చిన్న దెబ్బ, అంతే, పెచ్చు పగిలి ఊడిపోతుంది. గట్టిగా కొడితే పండు చితికి పెచ్చు ముక్కలు లోపల ఇరుక్కుంటాయి. తరవాత తొడిమ దగ్గర పట్టుకుని లాగితే ఈనెలు మూడు నాలుగు దారాల్లా ఒకేసారి వస్తాయి. గింజ తీయడానికి పండును నిలువుగా చీల్చాలి. నేను చీలిస్తే గింజతో పాటు సగం గుజ్జు పోయేది. "మే, పండు గింజకు పెడతా ఉండావా, మనకు పెడతా ఉండావా?" అని అమ్మ నా చేతిలోది లాక్కుంది.

గింజల కుప్ప పెరిగేసరికి పాప దగ్గరికి జరిగింది. అవ్వ చెబుతుంటే రెండు గింజలు పగలగొట్టి, నాలుగు బద్దల్నీ బాల్కనీ గచ్చు మీద తెల్లగా అయ్యేదాకా అరగదీసింది. సుద్దముక్కతో నేల మీద అయిదుకు అయిదు గళ్లు. నాలుగూ తెల్లగా పడితే నాలుగు, నాలుగూ నల్లగా పడితే ఎనిమిది. మా పక్క దీన్ని చౌకాబార అంటారు. అమ్మ చిన్న పిల్ల అని కూడా చూడకుండా పాప కాయల్ని నరికి నరికి ఇంటికి పంపింది. క్యారం బోర్డు దగ్గర "నువ్వే గెలిచినావులే" అని లేచిపోయిన మనిషి ఈమేనా అనిపించింది.

నాయనకు చూపు తగ్గింది. ఆయన సంచిలో కైవారం తాతయ్య కీర్తనల పుస్తకం ఉంది. 1726లో పుట్టి నూట పది ఏళ్లు బతికాడని చెప్పుకునే ఆ గాజుల నారాయణప్ప పాడింది చాలావరకు తెలుగులో. ఆ పుస్తకం అచ్చయింది కన్నడ లిపిలో. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ, మా సీమ తీరే అంత. పాప బడి గొంతుతో కన్నడ అక్షరాలు కూడబలుక్కుని చదివితే, నాయన మిగతా చరణం కళ్లు మూసుకుని అందుకునేవాడు. ఎక్కడన్నా ఆయన తప్పితే పాప ఆపేది. ఆపినందుకు ఆయనకు కోపం వచ్చేది. మళ్లీ మొదట్నుంచి పాడేవాడు. చింతపండు కొడుతూ అమ్మ తీర్పు చెప్పేది, ఎప్పుడూ పాప పక్షమే.

ఊరికి పోయే రోజు అమ్మ ఉప్పు చల్లి చేసిన ఉండల్ని రెండు భాగాలు చేసింది. పెద్ద భాగం తన సంచిలోకి పోయింది. నేను చూస్తున్నానని గమనించి, "కూలి లేకుండా ఎవురు కొడతారు?" అంది. నాయన తన వంతు అడిగాడు. పాట పాడినోళ్లకు కూలి లేదని చెప్పి సంచి మూతి కట్టేసింది.