తాటిముంజ ముద్ర

నవంబరు 11 అమెరికా దేశమున మాజీ సైనికులను గౌరవించు దినము. ఆనాడు బడులకు సెలవు. మా కార్యాలయమునకు సెలవు లేకపోయినను, పదేండ్ల మా అమ్మాయి లెటర్‌బాక్సింగ్‌కు పోవలెనని పక్షము దినములుగా పట్టిన పట్టు విడువకుండుటచేత నేనును సెలవు పెట్టితిని. పులిహోర, ఫ్లాస్కులో పాలు, దిక్సూచి, సిరామెత్త, గుడ్డలో చుట్టిన మా రబ్బరుముద్ర సంచిలో సర్దుకొని, తండ్రీకూతుళ్ల మిద్దరము తెల్లవాఱుజల్లులోనే హిల్స్‌బరోలో మాక్స్ రైలెక్కి పోర్ట్‌లండు వైపు బయలుదేరితిమి.

లెటర్‌బాక్సింగ్ అనగానే మనవారికి వీధిమొగనుండు ఎఱ్ఱని తపాలాపెట్టె స్ఫురించుట సహజము. ఇది వేఱు. ఎవరో యొకరు తమ మనసు నిలిచిన చోట, పడిన చెట్టుమ్రాని క్రిందనో రాతిగోడ సందుననో, నీరు చొరని చిన్నడబ్బా నొకదానిని దాచి, అందులో స్వహస్తముతో చెక్కిన ముద్రను, ఒక చిన్నపుస్తకమును ఉంచి, అచ్చటికి దారి తెలుపు ఆనవాళ్లను పొడుపుకథవలె వ్రాసి లోకమునకు విడుతురు. ఆ ఆనవాళ్లను పట్టుకొని చేరినవాడు తన ముద్రను ఆ పుస్తకమునను, అందలి ముద్రను తన పుస్తకమునను ఒత్తి, తేదీ వేసి, డబ్బాను ఉన్నదున్నట్లు దాచి, దారిని పోవువారి కంటబడకుండ వెడలిపోవలెను. బహుమానము లేదు, పందెము లేదు.

ఈ వేడుకకు పుట్టినిల్లు ఇంగ్లండున డెవన్ సీమయందలి డార్ట్‌మూర్ బీడు. 1854లో జేమ్స్ పెరట్ అను మార్గదర్శకుడు, మిక్కిలి దుర్గమమైన క్రాన్‌మియర్ పూల్ అను బురదపల్లమున ఒక సీసాను నిలిపి, అంతదూరము నడిచి రాగలిగినవారు తమ పేరుచీటీలను అందులో వేసిపోవు ఏర్పాటు చేసెను. రాను రాను సీసా పెట్టె యయ్యెను. యాత్రికులు తమ చిరునామాకే కార్డులు వ్రాసి అందులో విడిచిపోగా, ఆ తరువాత వచ్చినవా రెవరో వాటిని తీసికొనిపోయి తమ ఊరి తపాలాలో వేయుట ఆచారమయ్యెను. అమెరికాలో ఇది వ్యాపించినది 1998లో స్మిత్సోనియన్ పత్రికయందు దీనిని గూర్చిన వ్యాసము వెలువడిన పిదపనే.

ఆ కార్డుల ముచ్చట తొలిసారి చదివినపుడు నాకు మా నాన్నగారు జ్ఞప్తికి వచ్చిరి. తణుకు దగ్గఱ మా ఊరికి ఆయన బ్రాంచి పోస్టుమాస్టరు. మా ఇంటి అరుగే తపాలాకచేరి. మధ్యాహ్నవేళ ఆయన గుండ్రని తేదీముద్రను సిరామెత్తపై నద్ది, ఉత్తరములమీద దబ్బుదబ్బున కొట్టుచుండగా, ఆ లయకు నేను పలకపై ఎక్కములు వ్రాసికొనెడివాడను. చదువురానివారు తామై అడిగినపుడు తప్ప ఆయన ఒకరి కార్డు చదివి యెఱుగరు. కార్డునకు మఱుగెక్కడిది? అందుచేత ముద్ర పడిన మఱుక్షణమే దానిని చిరునామావైపు పైకి వచ్చునట్లు త్రిప్పి పెట్టెడివారు. సంచి కట్టివేసిన తరువాత ఉత్తరము తెచ్చినవారు, సైకిలుమీద తణుకు పోవువాని నాపి, “ఒరేయ్, దీన్ని అక్కడ డబ్బాలో పడేసి పో” అని చేతిలో పెట్టుటయు, వాడు దానిని చొక్కాజేబులో దోపుకొని పోవుటయు నిత్యము చూచినవే. ఊరివాడు ఊరివానిని నమ్ముటలో వింత లేదు. ముఖమెఱుగని వానిని, ఎన్నడు వచ్చునో, అసలు వచ్చునో రాడో తెలియని వానిని నమ్మి, బీడునడుమ తన కార్డును విడిచిపోవుట నా మనస్సును పట్టివేసెను. ఈ వ్యాపకమున నేను దిగుటకు కారణ మదియే.

మా ముద్రలోని బొమ్మ అమ్మాయి యెంచుకొన్నది. కిందటి వేసవిలో ఊరికి పోయినపుడు మా పాలేరు తాటికాయ తల నఱికి చేతికిచ్చిన క్షణమున ఆమెకు కనబడిన మూడు ముంజకన్నులే అది. కాగితముపై పెన్సిలుతో బొమ్మ గీసి, దానిని గులాబిరంగు రబ్బరుముక్కపై బోర్లించి గోటితో రుద్దినచో గీతలు రబ్బరున కంటుకొనును. పిమ్మట సన్ననియులితో, తెలుపు కావలసినచోట తొలిచి, నలుపు కావలసినచోట మిగిల్చవలెను. గుండ్రని బొమ్మకు కుడియెడమల చిక్కు లేదు. క్రింద ‘తా’ అను అక్షరమును మాత్రము మేము నేరుగా రబ్బరుపైననే వ్రాసి చెక్కితిమి. ఒత్తి చూడగా దీర్ఘము ఎడమవైపునకు తిరిగియుండెను. మఱియొక ముక్క తెచ్చి, అద్దము ముందుంచుకొని, తలక్రిందులుగా గాక ప్రక్కక్రిందులుగా ఆ అక్షరమును ఆమె ముప్పదిమార్లు వ్రాసి అలవఱచుకొనెను. అంతకుమునుపు తెలుగు వ్రాతలో దీర్ఘముల నెప్పుడును వదలివేయు పిల్ల, నాటినుండి ‘తా’ దీర్ఘమును వదలిన దినము లేదు.

వాషింగ్టన్ పార్కు స్టేషను భూమికి 260 అడుగుల లోతున నున్నది. సొరంగము త్రవ్వుటకు ముందు తొలిచి తీసిన రాతికడ్డీని అచ్చటి గోడకు పొడవునా అమర్చినారు. దాని ప్రక్కననే నడచి, లిఫ్టులో పైకి వచ్చితిమి. హోయ్ట్ వృక్షవనములో మాకు దొరకిన తొలి యానవాలు, లోకము చచ్చెననుకొన్న చెట్టునకు వీపుపెట్టి పల్లమునకు దిగుమనియెను. డాన్ రెడ్‌వుడ్ అను ఆ జాతి శిలాజములవలననే విజ్ఞులకు తెలిసి, 1940ల దశకములో చైనాలో ప్రాణముతో కనబడినది. సూదులవంటి ఆకులు గలదయ్యును శీతకాలమునకు ఆకు రాల్చును గనుక, నవంబరు వానలో తుప్పురంగు దుప్పటి పఱచి నిలిచిన దానిని అమ్మాయి నాకంటె ముందే గుర్తించెను. 2000వ సంవత్సరము మే నెలలో, ఉపగ్రహముల గుఱి సామాన్యులకు సరిగా నందిన వెంటనే, ఈ నగరమునకు దక్షిణమున బీవర్‌క్రీక్ సమీపముననే జియోకాషింగ్ అను మఱొక వెదకులాట పుట్టినది. అందులో యంత్రము స్థలము చూపును. ఇందులో ఆనవాలు వ్రాసినవాని తలపులో దూరవలెను. నాకీ రెండవదే ప్రియము.

వృక్షవనమునుండి వైల్డ్‌వుడ్ కాలిబాట. మొత్తము 30 మైళ్ల ఆ బాటలో మేము నడచినది అయిదింట నొక పాలు కూడ కాదు. ఇరుప్రక్కల ఆకాశము నంటు డగ్లస్ ఫర్‌లు, వాటి పాదములకడ కత్తులవంటి ఫెర్నులు, బాటపై విస్తరిగా వేసి అన్నము వడ్డింపదగినంతటి మేపుల్ ఆకులు. 5,000 ఎకరములకు మించిన ఈ యడవి నగరపు హద్దులలోనిదని కొత్తగా వచ్చిన చుట్టములతో చెప్పిన నమ్మరు. 1962 తుపానులో దెబ్బతిని కప్పులేక మిగిలిన రాతిచావడికడ ఉండవలసిన డబ్బా ఎంత వెదకినను కనబడలేదు. పులిహోర తిని లేచితిమి.

బాల్చ్ వాగు ప్రక్కన, నాచుపట్టిన మోడు క్రింద మూడవది దొరకినది గాని, మూత పగిలి నీరు చేరియుండెను. లోని పుస్తకము నానిన అప్పచ్చివలె ఉబ్బి, ఎవరెవరివో ముద్రలు నీలిమబ్బులై కలిసిపోయెను; గుడ్లగూబ యొకటి, పడవ యొకటి మాత్రము తెలియవచ్చుచుండెను. అమ్మాయి మెడకు చుట్టుకొన్న శాలువ తీసి, ఒక్కొక్క పుట నడుమ దానిని మడిచిపెట్టి అఱచేతితో అదుముచు అరగంటసేపు కూర్చుండెను. ఆఱిన పుటపై మా మూడు ముంజకన్నులు ఒత్తి, పులిహోర తెచ్చిన జిప్పుసంచిని తుడిచి పుస్తకమును అందులో పెట్టితిమి. ఎంత తుడిచినను పసుపుమరక పోలేదు.

ఆ డబ్బా అడుగుననే, వేఱొక ప్లాస్టిక్ సంచిలో పొడిగా నున్న ఒక కార్డు కనబడెను. స్టాంపు అంటించియున్నది, చిరునామా ఈ దేశపు మఱుకొసది. నన్ను తపాలాలో వేయుడని మూలన చిన్నయక్షరములు. డార్ట్‌మూర్ ఆచారము నెవరో ఈ వాగొడ్డున పాటించిరి.

“నాన్నా, వెనక ఏం రాశారో చూడొచ్చా?”

“తాతయ్యయితే చూసేవారు కాదమ్మా.”

ఆమె మఱి యడుగలేదు. కార్డును సంచితోకూడ వానకోటులోపల పెట్టుకొనెను. బస్సెక్కి నగరము నడుమకు వచ్చి, 1948లో డిక్ ఫాగన్ అను పత్రికారచయిత దీపస్తంభమునకై త్రవ్విన గుంటలో పూలు నాటగా ఏర్పడిన రెండడుగుల వెడల్పు మిల్ ఎండ్స్ పార్కును చూచితిమి. మఱొక డబ్బాకై అచ్చటినుండి లెక్కించవలసిన అడుగులను చీకటి మ్రింగివేసెను; నాలుగున్నర దాటగానే ప్రొద్దు క్రుంకు కాలమది. వీధిమూలన నీలిరంగు తపాలాపెట్టెను చూపి, కార్డు వేయుమంటిని.

“ఇక్కడ కాదు నాన్నా. వాళ్లు తమ ఊరికి తీసుకెళ్లి వేసేవాళ్లని నువ్వే చెప్పావుగా. మన ఊళ్లోనే వేద్దాం.”

రైలులో నిద్రవచ్చుచున్నను ఆమె చేయి కోటుమీదినుండి తీయలేదు. హిల్స్‌బరోలో దిగి, మా యింటి మలుపునందలి పెట్టె పిడి లాగి, కార్డును చిరునామావైపు పైకి వచ్చునట్లు పఱుండబెట్టి విడిచెను. పడినదో లేదోయని మూత రెండుమార్లు తెఱచి చూచెను.