ఇక చాలు

2024 నవంబరులో మా సంఘం కోత పండగ రోజు ఒక గుమ్మడికాయ ఐదుసార్లు అమ్ముడుపోయింది.

సుచిత్రలో కోత ఏమిటి, పంట ఏమిటి అని మీకు అనిపించవచ్చు. నిజమే, ఆ చౌరస్తాలో ఫ్లైఓవర్ పనుల దుమ్ము తప్ప పండేదేమీ లేదు. మా ఆరాధన మెయిన్ రోడ్డుకి రెండు సందులు లోపల, ఒక టైల్స్ దుకాణం పైనున్న రేకుల హాల్లో. వచ్చేవాళ్లంతా ఎక్కడెక్కడినుంచో వచ్చి పడ్డవాళ్లే. మెదక్, సిద్దిపేట వైపు ఊళ్లవాళ్లు కొందరు, గోదావరి జిల్లాల వాళ్లు కొందరు. జీడిమెట్ల కంపెనీల్లో షిఫ్టులు, అపార్ట్‌మెంట్లలో వాచ్‌మెన్ పని, ఆటోలు. అయినా కోత పండగ మానరు. ఊళ్లో ఇంకా పొలమున్నవాళ్లు బస్సులో మూట తెస్తారు, లేనివాళ్లు రైతుబజారులో కొని తెస్తారు. చెరుకు గడలు, కోడిపెట్ట, అరటి గెల, గంపలో గుడ్లు. ఆరాధన కాగానే హర్రాజు.

ఆ హర్రాజుకి వ్యాపారం తెలీదు. గుమ్మడికాయ మొదట 300కి పోయింది. కొన్నాయన దాన్ని భుజాన పెట్టుకుని నాలుగడుగులు వేసి, మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. మళ్లీ పాట. 500. ఆవిడా తిరిగి ఇచ్చేసింది. 700, 1,200, చివరికి 1,500. మొత్తం 4,200. ఒక వాచ్‌మెన్ అన్న ఒక్క కోడిగుడ్డు 50 రూపాయలకు పాడి, అందరికీ చూపించి, జేబులో పెట్టుకున్నాడు. అది పగులుతుందని పిల్లలు ఒకటే నవ్వు. మా అమ్మ కూడా పగలబడి నవ్వుతోంది. నవ్వినప్పుడల్లా ఆమె చెవుల్లో వేపపుల్లలు కదులుతున్నాయి.

చివరి 1,500 పాట నాదే. ఆ పుల్లలు చూస్తూ పాడాను. ఎందుకో చెప్పాలంటే ఏప్రిల్‌కి వెళ్లాలి.

గుండ్లపోచంపల్లి వైపు మా సంఘానికి 150 గజాల స్థలం ఉంది. గోడలు లేచాయి, స్లాబు వేయాలి. అంచనా 12 లక్షలు. నేను ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను కాబట్టి కోశాధికారి పని నా నెత్తిన పడింది. ఏప్రిల్ 14 ఆదివారం సాయంత్రం కూడికి 12,60,000 అయింది. కమిటీలో ఐదుగురం కూర్చున్నాం. లెక్క చెప్పాను. సంతోషించాం, ప్రార్థన చేసుకున్నాం. అప్పుడు ఒకరన్నారు, "జనంలో ఊపు వచ్చింది, ఇప్పుడు ఆపితే మళ్లీ రాదు. పైన ఇంకో అంతస్తు కూడా అనుకుందాం. ప్రస్తుతానికి సరిపోయిందని చెప్పొద్దు." నలుగురూ తలూపారు. నాది ఐదో తల. అదీ ఊగింది.

తర్వాతి ఆదివారం మైకులో స్లాబుకి ఇంకా కావాలన్నారు. లెక్కల పుస్తకం నా ఒళ్లోనే ఉంది. ఆడవాళ్ల వైపు మూడో వరసలో మా అమ్మ కమ్మలు తీసి, కొంగు చివర ఒకసారి తుడిచి, కానుకల సంచిలో వేసింది. అరతులం. మా నాయిన బతికున్నప్పుడు చేయించినవి.

ఇంటికొచ్చాక నేను అరిచాను. చెప్పకుండా ఎట్లా ఇస్తావని. "చెవులు నీయా?" అంది అమ్మ. నా కోపం అసలెక్కడిదో ఆమెకు తెలీదు. ఆమె ఇచ్చినందుకు కాదు, అప్పటికే అవసరం తీరిపోయిన దానికి ఇచ్చినందుకు. అది చెప్పాలంటే మిగతాది కూడా చెప్పాలి.

ఆ గుమ్మడికాయ ఇంటికి తెచ్చిన రాత్రి నిర్గమకాండం తీశాను. గుడారం అధ్యాయాలు ఎవరూ ఇష్టంగా చదవరు. పలకలు, కొలతలు, తెరలు, కొక్కేలు. కానీ వాటి మధ్యలో, 32వ అధ్యాయంలో దూడ కథ ఉంది. మోషే కొండ మీద ఆలస్యం చేస్తే జనం అహరోను దగ్గరికి పోతారు. చెవుల పోగులు తెమ్మంటాడు. తెస్తారు, అందరూ. ఎవరూ గొణగరు. దూడ తయారవుతుంది, పండగ చేసుకుంటారు, తిని తాగి ఆడతారు. నాలుగు పేజీలు తిప్పితే గుడారానికి అదే జనం మళ్లీ అవే పోగులు, ముక్కరలు, ఉంగరాలు తెస్తున్నారు. ఉత్సాహం రెండుచోట్లా ఒకటే. కాబట్టి సంతోషంగా ఇచ్చారు అన్నంత మాత్రాన ఏదీ తేలదు. మా కమిటీలో "ఊపు" అన్న మాట విన్నప్పుడు నాకు ఈ దూడ గుర్తొచ్చి ఉండాల్సింది.

మరి తేడా ఎక్కడుంది? నాకు కనిపించింది 36వ అధ్యాయంలో. పని చేసే కంసాలులు, నేతగాళ్లు పని ఆపి మోషే దగ్గరికి వచ్చి, జనం అవసరానికి మించి తెస్తున్నారని ఫిర్యాదు చేస్తారు. మోషే వెంటనే పాళెమంతా చాటింపు వేయిస్తాడు: మగవాళ్లు గానీ ఆడవాళ్లు గానీ ఇంకేమీ తేవద్దు అని. జనాన్ని ఆపాల్సి వచ్చింది. ఆ మాట పుట్టింది పెద్దల కమిటీలో కాదు. చేతులకు రంపప్పొట్టు అంటుకున్నవాళ్లు, ఎంత కావాలో చేతి కొలతతో తెలిసినవాళ్లు వచ్చి చెప్పారు. చందాలు అడిగినవాడే చాలన్న సందర్భం నాకు తెలిసిన చరిత్రలో తక్కువ. అక్కడ హీబ్రూలో వాడిన మాట 'దయ్', అంటే చాలు. పస్కా రాత్రి యూదులు పాడుకునే 'దయేను' పాటలో ఉన్నదీ అదే. మన 'దయ'కీ దీనికీ చుట్టరికమేమీ లేదు, చెవికి మాత్రం ఒకేలా తగులుతుంది. గ్రంథం ఇంకో విచిత్రం చేస్తుంది: చాలింది, మిగిలింది అని ఒకే ఊపిరిలో అంటుంది. ఆ మిగిలింది ఏమైందో చెప్పదు. మాది ఏమైందో నాకు తెలుసు. ఇద్దరి పేర్ల మీద బ్యాంకులో ఉంది. అందులో ఒక పేరు నాది.

38వ అధ్యాయంలో లెక్క అప్పజెప్తారు. అకౌంటెంటుకి అది కడుపు నిండే అధ్యాయం. బంగారం 29 కిక్కార్లు, 730 షెకెళ్లు. వెండి 100 కిక్కార్లు, 1,775 షెకెళ్లు. వెండి అయితే తలకు అర షెకెలు చొప్పున, 6,03,550 మంది మగవాళ్ల నుంచి వచ్చింది. కిక్కారుకి 3,000 షెకెళ్లు. కాలిక్యులేటర్ తీసి చూశాను, ఒక్క షెకెలు కూడా తేడా రాలేదు. వెండి ఎక్కడెక్కడ ఖర్చయిందో కూడా ఉంది: 100 కిక్కార్లు 100 దిమ్మలకు, 1,775 స్తంభాల కొక్కేలకు, వాటి సింగారానికి. ఆ 1,775 మీద యూదుల మిద్రాష్‌లో ఒక కథ ఉంది. లెక్క చెప్తూ చెప్తూ మోషేకి ఆ 1,775 ఎటు పోయాయో గుర్తు రాలేదట. జనం దొంగ అంటారని చెమటలు పట్టాయట. అప్పుడు తలెత్తి చూస్తే కొక్కేలు కనిపించాయట. దేవునితో ముఖాముఖి మాట్లాడిన మనిషికి కూడా ఓచరు దొరకనప్పుడు పడే భయం ఒకటే అన్నమాట.

ఇంకో సంగతి. ఆ వెండి నిర్బంధపు సుంకం. ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు, పేదవాడు తక్కువ ఇవ్వకూడదు. బంగారం మాత్రం మనసు పుట్టినవాళ్లు తెచ్చింది. హీబ్రూలో 'నెదావా'. రెంటినీ కలపలేదు. మన తెలుగు బైబిల్లో షెకెలుని తులం అన్నారు. అర షెకెలు అరతులం. అక్కడ కాసేపు ఆగిపోయాను.

దావీదు కథ ఎక్కువమంది ప్రసంగాల్లో చెప్తారు. దినవృత్తాంతాల మొదటి గ్రంథం 29లో ముందు తాను సొంత సొత్తు ఇస్తాడు, తర్వాత పెద్దలు, వాళ్లు మనసారా ఇచ్చారని జనం సంతోషిస్తారు. నిజంగానే గొప్ప ఘట్టం. కానీ అక్కడ ఎవరూ 'చాలు' అనలేదు. ఆ సొమ్ముతో సొలొమోను మందిరం ఏడేళ్లు కట్టాడు, ఆ తర్వాత తన నగరు పదమూడేళ్లు. అడవులకు వెట్టికి 30,000 మందిని పంపాడు, నెలకు 10,000 చొప్పున వంతులు వేసి. కొడుకు కాలానికి జనం భారం తగ్గించమని వేడుకున్నారు. తగ్గించలేదు. వెట్టి మీద అధికారిని రాళ్లతో కొట్టి చంపారు, రాజ్యం రెండు ముక్కలైంది. సంతోషంగా మొదలైన చందా అక్కడిదాకా పోయింది. ప్రసంగాల్లో ఈ రెండో సగం రాదు.

నాకు ఎక్కువ నచ్చింది యోవాషు పెట్టె. మందిరం బాగుచేయడానికని సొమ్ము యాజకుల చేతికి వస్తోంది, అతని ఏలుబడి 23వ ఏట కూడా గోడలు అట్లాగే ఉన్నాయి. అప్పుడు మూతకి బెజ్జం ఉన్న పెట్టె ఒకటి పెట్టించారు. నిండితే రాజుగారి లేఖకుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టాలి, పని చేయించేవాళ్ల చేతికిచ్చి, వాళ్ల ద్వారా వడ్రంగులకు, తాపీవాళ్లకు ఇప్పించాలి. ఇదే కథ దినవృత్తాంతాల్లో చెప్తూ, పెట్టె నిండేదాకా జనం సంతోషంతో వేశారంటుంది. ఆ జనమే అంతకుముందు కూడా ఇచ్చారు. సంతోషం మాత్రం పెట్టె వచ్చాకే కాగితం మీదికి ఎక్కింది.

మా అమ్మది మెదక్ దగ్గర ఊరు. 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాడు తెరిచిన మెదక్ చర్చి గురించి ఆమె చిన్నప్పటినుంచి వింటూ పెరిగింది. పోస్నెట్ దొర కరువులో జనానికి పని ఇచ్చి, అన్నం పెట్టి కట్టించిన గుడి. వాళ్ల తాత అక్కడ రాళ్లు మోశాడంటుంది. ఆమె లెక్కలో అది ఇచ్చిన గుడి కాదు, పెట్టిన గుడి. బదులుగా వాళ్ల అమ్మ జీవితాంతం ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి కుండలో వేసేదట, ఆదివారం చర్చికి తీసుకుపోయేదట. మిజోరాంలో కూడా ఆడవాళ్లు ఇట్లాగే చేస్తారు, బుహ్‌ఫాయ్ థామ్ అంటారు. "పూటకు పిడికెడే. రెండో పిడికెడు తీస్తే పిల్లలకు తక్కువైతది గదా" అనేది అమ్మ. ఆ కుండకు 'చాలు' ఎక్కడో ఆ అవ్వకి తెలుసు.

డిసెంబరు మొదటి వారం కమిటీలో అన్నాను, లెక్క చదువుదామని. "ఇప్పుడెందుకు బ్రదర్, విశ్వాసం చల్లబడుతుంది" అన్నారు. రెండో ఆదివారం ప్రకటనల సమయంలో లేచి చదివేశాను. తేదీలతో సహా. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఏప్రిల్‌లో తలూపిన ఐదుగురిలో నేనూ ఉన్నానని కూడా చెప్పాను, గొంతు సరిగ్గా రాలేదు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆటో నడిపే తమ్ముడొకడు లేచి, "అంటే సార్, స్లాబు పైసలు ఏప్రిల్‌లనే ఒడిసినట్టా?" అన్నాడు. ఔనన్నాను. కూర్చున్నాడు. ఆ నెల కానుకలు తగ్గాయి. రెండు కుటుంబాలు రావడం మానేశాయి. ఒకాయన నాతో మాట్లాడడం మానేశాడు.

అమ్మ దారి పొడుగునా మాట్లాడలేదు. బండి దిగాక అడిగింది.

"ఏప్రిల్‌ల ఏ తారీఖు అన్నవ్?"

"పద్నాలుగు."

"నేను ఇచ్చింది ఇరవై ఒకటి."

"ఔనమ్మా."

"నీకు ఎరికేనా అప్పుడు?"

"ఎరికే."

మెట్లెక్కింది. తాళం తీసింది. చాలాసేపు వంటింట్లో గిన్నెల చప్పుడు. నేను హాల్లోనే నిలబడ్డాను, చెప్పులు కూడా విప్పలేదు. గుమ్మడికాయ మూడు వారాలుగా ఫ్రిజ్ మీదే ఉంది, 1,500 పెట్టి కొన్నదాన్ని కోయడానికి ఇద్దరికీ చేతులు రాలేదు.

"ఆ కాయ దించు" అంది లోపలినుంచి.

దించాను. కత్తిపీట ముందు కూర్చుంది. సగానికి కోసి, గింజలు ఒక పళ్లెంలో తీసి, పెద్ద పెద్ద ముక్కలు చేసింది. కూరకి సరిపడా నాలుగు ముక్కలు గిన్నెలో వేసి, మిగతావి కవర్లలో పెట్టింది. ఒకటి కిందింటివాళ్లకు, ఒకటి ఎదురింటి బిహారీ పిల్లలకు, ఒకటి వాచ్‌మెన్ అన్నకి.

"మనిద్దరికి ఇంత కాయ ఎందుకురా" అంది. "పో, ఇచ్చి రా. చెప్పులు ఎట్లాగూ విప్పలేదు."