తప్పించుకొన్న మాట

తెలుగులో బడి ఎగ్గొడతాము, మాట దాటవేస్తాము, అప్పులవానికి ముఖం చాటేస్తాము. బడికి ముఖం చాటేశాడని ఎవరూ అనరు. ఏ మాటకు ఏ క్రియ జోడో తల్లి ఒడిలోనే తెలిసిపోతుంది. ఆంగ్లంలోని అట్టి జోడింపులను మాత్రం మేము ఫైళ్ళ మధ్య, దెబ్బ తగిలిన పిదప నేర్చుకొన్నాము. ఆ దెబ్బ తగిలినది మాకు కాదు.

రాయ్‌పూర్ ఇంకా మధ్యప్రదేశ్‌లో ఉన్న రోజులవి. ఛత్తీస్‌గఢ్ ఏర్పడినది 2000 నవంబరు 1న. 1976 నాటి రాజభాషా నియమాల ప్రకారం ఇది 'క' ప్రాంతం. కార్యాలయంలో హిందీ, ఆంగ్లం తప్ప మూడవ భాషకు చోటు లేదు. 1998 వర్షాకాలంలో శ్రీకాకుళం వైపు నుండి వచ్చిన ఒక హెల్పరు, పనికి నిరాకరించినందుకు సంజాయిషీ కోరిన నోటీసు పట్టుకొని మా బల్ల వద్దకు వచ్చాడు. తెలుగు తప్ప మరేదీ వ్రాయలేడు.

"వానలో తీగ తెగి వేలాడతంది బాబూ. స్తంభం ఎక్కకుండా తప్పించుకున్నాను" అన్నాడు.

మేము తడుముకొనకుండా "ఎవేడెడ్ ది వర్క్" అని వ్రాశాము. అతడు నమ్మి క్రింద తెలుగులో సంతకం చేశాడు.

మన 'తప్పించుకొనుట' పెద్ద గొడుగు వంటిది. ప్రమాదం, పని రెండూ దాని క్రిందనే నిలబడతాయి. ఆంగ్లంలో అట్లు కాదు. ప్రమాదాన్ని 'అవాయిడ్' చేసినవాడు వివేకి. పన్నునో అరెస్టునో 'ఎవేడ్' చేసినవాడు దోషి. విధిని 'షర్క్' చేసేవాడు సోమరి, ప్రశ్నను 'డాడ్జ్' చేసేవాడు గడుసువాడు. పన్నుల శాఖ భాషలో 'ఎవేజన్' నేరం. 'అవాయిడెన్స్' చట్టంలోని సందులను వాడుకొనడం. 2017 ఏప్రిల్ నుండి ఈ రెండవదానికీ కొన్ని కళ్ళెాలు పడ్డాయనుకోండి.

పై అధికారి 'ఎవేడెడ్' క్రింద ఎర్ర పెన్సిలుతో గీత గీశారు. నేరం ఒప్పుకొన్నట్లే అయినది. ఒక ఇంక్రిమెంటు ఆగిపోయినది.

"ఈ మాట అతనిదా, మీదా?" అని ఆయనే ఒకనాడు మమ్ములను అడిగారు. "రికార్డు చూసి మనవి చేస్తాము" అన్నాము. ప్రశ్నను డాడ్జ్ చేయడమంటే ఏమిటో నిఘంటువు అక్కర లేకుండానే తెలిసినది. బాధ్యతను పక్కవాని మీదకు నెట్టడాన్ని ఆంగ్లంలో 'పాసింగ్ ది బక్' అంటారు. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ బల్ల మీద "ద బక్ స్టాప్స్ హియర్" అనే పలక ఉండేది. నెట్టడానికి ఇక ఎవరూ లేరని దాని అర్థం. మా బల్ల మీద పేపరువెయిటు, గుండుసూదుల డబ్బా ఉండేవి.

నిద్ర పట్టలేదని చెప్పము, పట్టినది. కాని అతడు ఎదురైనప్పుడల్లా ముఖం చాటేసేవారము. పదిహేను రోజులకు నోటుషీటు మీద, అతడు చెప్పినది ప్రమాదం నుండి తొలగినానని, అనువాద దోషం మాదని వ్రాసి సంతకం చేశాము. ఇంక్రిమెంటు తిరిగి వచ్చినది.

అతడు వచ్చి "ఏటి రాశారు బాబూ?" అని అడిగాడు.

"నువ్వు చెప్పినదే" అన్నాము.

"మరి ముందు రాసిందేటి?"

నీళ్ళు నమిలి, టీకి పిలిచాము.