విప్పి కట్టుకునే విడిది

చిత్తూరు నుంచి బెంగుళూరు దారిన బయలుదేరితే బంగారుపాళెం దాటేదాకా ఎండ మన వెంటే వస్తుంది. మొగిలి ఘాటు ఎక్కడం మొదలుపెట్టగానే కాస్త వెనుకబడుతుంది. ఘాటు ముగిసేసరికి గాలే మారిపోతుంది. బస్సులో కునుకుతీస్తున్న వాళ్లు సైతం లేచి కిటికీలు తెరుస్తారు. పలమనేరు సముద్రమట్టానికి 2,200 అడుగులకు పైగా ఎత్తున వున్నది. చిత్తూరు ఎండలో మాడి వచ్చినవాడికి ఆ అడుగుల విలువ వేరే చెప్పనక్కరలేదు.

మద్రాసు దొరలు ఈ సంగతి ఏనాడో కనిపెట్టారు. నీలగిరులకు దారి పడక మునుపు, ఒంట్లో బాగా లేని దొరలు గాలి మార్పు కోసం పలమనేరు వచ్చేవారు. తరువాత ఉదకమండలం వారిని లాగేసుకొన్నది. పలమనేరు మళ్లీ తన రాగిచేలూ, పట్టుపురుగులూ, కుమ్మరి వాముల పని చూసుకొంటూ వుండిపోయింది. ఉత్తరంగా మదనపల్లె దగ్గర వున్న కొండ కథ వేరు. 19వ శతాబ్దంలో కడప కలెక్టరు హార్స్‌లీ దానిమీద ఇల్లు కట్టుకొన్నాడు; కొండకు ఆయన పేరే స్థిరపడింది. అంతకు మునుపు అది ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పసిపిల్లను అక్కడ ఏనుగులు సాకాయని కథ. అతిథి పేరు మిగిలింది గాని, ఆతిథ్యమిచ్చిన ఏనుగు పేరు వెనుకబడిపోయింది!

ఇప్పుడు పలమనేరుకు మళ్లీ విడిది యోగం పట్టేటట్టున్నది. బెంగుళూరు నుంచి కారులో పూట ప్రయాణం. కైగల్లు జలపాతం చూసి, అడవి అంచున ఒక రాత్రి పడుకొని పోవాలని పట్నవాసులకు కోరిక. కోరిక తప్పు కాదు. మరి వారికి ఇల్లెక్కడ కట్టాలి? ఎట్లా కట్టాలి? ఆలోచించవలసింది అక్కడే.

ఎందుకంటే ఇక్కడి అడవికి ఇదివరకే అతిథులున్నారు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చాయి. అంతకు ముందు ఎన్నో తరాలుగా ఈ ప్రాంతంలో ఏనుగుల జాడ లేదు. 1990లో 357 చదరపు కిలోమీటర్ల అడవిని కౌండిన్య అభయారణ్యంగా ప్రకటించారు. కందకాలు తవ్వారు, సౌరవిద్యుత్తు కంచెలు కట్టారు. అయినా చేలు తొక్కడం ఆగలేదు. మనుషులూ చనిపోయారు, ఏనుగులూ చనిపోయాయి. 2025లో కర్ణాటక నుంచి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను తెచ్చి, పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం ఏర్పాటు చేశారు.

అడవి వారన ఒక చేనులో మంచె కనిపిస్తే ఆగాను. నాలుగు గుంజలు, పైన తడిక, దానిమీద గడ్డి కప్పు. పెద్దాయన ఒకరు తాళ్లు బిగిస్తున్నాడు.

‘‘రాత్రి ఇక్కడే పడుకుంటారా, పెద్దాయనా?’’ అన్నాను.

‘‘పడుకునేదేముండాది సామీ, కూసోనుండేదే! యేనుగులు ఆ వంక పక్కనించే వస్తా పోతా ఉంటాయి. వాటి దోవ అది. దోవకడ్డంగా గోడ కడితే ఊరుకుంటాయా?’’

‘‘మంచె ఎన్నాళ్లుంటుంది?’’

‘‘పంట ఇంటికి చేరేదాకా. ఆనక విప్పి కొట్టంలో పెట్టేస్తాం. మళ్లా యేటికి ఇదే కట్టె, ఇదే తడిక.’’

వాస్తుశిల్పులు ఈనాడు ‘మాడ్యులర్’ అని ఘనంగా పిలుస్తున్నది సరిగ్గా దీన్నే. భాగాలు వేరొకచోట తయారుచేసుకొని, కావలసిన చోట బిగించి, అవసరం తీరగానే విప్పి తీసుకుపోవడం. మనకిది కొత్త కాదు. పెళ్లిపందిరి అట్లాంటిదే, టూరింగు టాకీసు డేరా అట్లాంటిదే. పగిలిన ఒక్క గూనపెంకు తీసి కొత్తది పెట్టుకోగలగడం కూడా ఆ తెలివే.

విప్పలేని ఇల్లు కడితే ఏమవుతుందో నీలగిరులు చూపించాయి. అక్కడి సీగూరు పీఠభూమి ఏనుగుల దారి. ఆ దారిలో విడిదులు లేచాయి, కంచెలు లేచాయి. తమిళనాడు ప్రభుత్వం 2010లో దాన్ని ఏనుగుల దారిగా ప్రకటించింది. వ్యాజ్యం మద్రాసు హైకోర్టు దాటి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు ఏనుగుల పక్షానే తీర్పు చెప్పింది. కాని కాంక్రీటు పునాది తీర్పు విని లేచిపోదు గదా!

ఇందుకు భిన్నమైన కథ ఒకటి సముద్రాల అవతల జరిగింది. అమెరికా ఏలుబడిలోని వర్జిన్ దీవులలో సెయింట్ జాన్ అనే దీవి వున్నది. 1976లో స్టాన్లీ సెలెన్‌గట్ అనే ఆయన అక్కడి మాహో బేలో కొండవాలున కొయ్య గుంజల మీద గుడారపు ఇండ్లు నిలబెట్టాడు. వాటి సంఖ్య క్రమంగా 114కు పెరిగింది. కొండను చదును చేయలేదు. నడవడానికి నేలకు ఎత్తుగా చెక్క బాటలు వేశారు. నీటి గొట్టాలు ఆ బాటల కిందనే పోనిచ్చారు. నేల తవ్వితే వానకు మట్టి కొట్టుకుపోయి సముద్రంలోని పగడపు దిబ్బలను కప్పేస్తుంది, అదీ కారణం. 2013లో కౌలు గడువు తీరి శిబిరం మూతపడింది. కొండను కోయలేదు కనుక పూడ్చవలసిన కోతా లేదు.

పలమనేరులో అటువంటి విడిది కట్టడానికి సరుకు దూరం నుంచి తేనక్కరలేదు. ఇక్కడి ఎర్రమట్టి పనితనం పేరుపడ్డది. కుండలే కాదు, అలంకారపు బొమ్మలూ కుమ్మరుల చేతిలో తయారవుతున్నాయి. బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూటులో 1974లో మొదలైన ‘అస్త్ర’ విభాగం, మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి చేతి యంత్రంతో ఒత్తి ఇటుకలు చేసే పద్ధతిని వృద్ధి చేసింది. ఆవం పెట్టనక్కరలేదు, కట్టెలు తగలబెట్టనక్కరలేదు. వంటగదికి, స్నానపు గదికి అవి చాలు. పడకగదికి గుంజల మీద వెదురు చట్రం, తడికల గోడలు. వెదురును బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో నానబెడితే పురుగు త్వరగా పట్టదు. 2017లో చట్టం సవరించి అడవి బయట పెరిగే వెదురును చెట్ల జాబితా నుంచి తీసేశారు. రైతు పొలంలో పెంచి అమ్ముకోవచ్చు. ఇక అడవిలో పశువుల మేతను మింగేస్తున్న లంటానా కంప వున్నది. కర్ణాటకలో మలె మహదేశ్వర కొండల సోలిగలు దానితో కుర్చీలూ బల్లలూ చేస్తున్నారు.

అయితే, విప్పదగినది అయినంత మాత్రాన ప్రతి ఇల్లూ పుణ్యవంతం కాదు. ఇనుప పెట్టెలు లారీలో తెచ్చి దించి, వాటిని చల్లబరచడానికి రాత్రింబవళ్లు యంత్రాలు తిప్పితే లాభమేమిటి? ఒక్కొక్క అతిథి స్నానానికి బోరుబావి ఎండగడితే పక్క చేను రాగి ఏం తాగుతుంది? వంటింటి చెత్త ఆరుబయట పోస్తే ఏనుగును మనమే భోజనానికి పిలిచినట్టు. కనుక కప్పు మీద పడ్డ వాననీరు తొట్టిలోకి పోవాలి. దీపాలు తక్కువగా, కిందికి వెలగాలి. విడిది అభయారణ్యంలో గాక ఊరి పక్కన వుండాలి. కాపలా, వంట, మరమ్మతు ఊరివాళ్ల చేతుల్లో వుండాలి. అప్పుడే ఏనుగు వల్ల నష్టపోతున్న రైతు, ఏనుగు చూడవచ్చిన అతిథి వల్ల నాలుగు రూకలు చూస్తాడు.

ఇటుపక్క విడిది కట్టదలచినవారెవరైనా సరే, ముందు స్థలం కొలిచేవాణ్ణి కాదు, మంచె మీది మనిషిని పిలిచి అడగడం మంచిది. ఏనుగులు ఏ వంకన దిగుతాయో, ఏ నెలలో వస్తాయో ఆయనకు తెలుసు. ఆయన ‘వద్దు’ అన్నచోట గుంజ పాతకూడదు. ‘సరే’ అన్నచోట కూడా, రేపు ఆయనే ‘తియ్యండి’ అంటే ఒక్క పూటలో విప్పగలిగేటట్టు కట్టాలి.