నాయన జావా బండి

పోయిన జూలై నెలలో ఒక శనివారం సాయంత్రం కుప్పంలో మా ఇంటి ముందర ఒక కుర్రవాడు నేలమీద వెల్లకిలా పడుకొని, టార్చిలైటు వేసి, మా నాయన మోటారు సైకిలు కింది భాగమంతా పరీక్షగా చూశాడు. బెంగుళూరు నుండి రైలులో వచ్చాడు. బండి కొంటానని ఫోనులో ముందే చెప్పాడు. ఇంజను మీది నంబరు, ఛాసిస్ మీది నంబరు చదివి, ఆర్.సి. పుస్తకంతో సరిచూసుకొని, లేచి చొక్కా దులుపుకొని, "అయ్యగారూ, పార్టులన్నీ ఒరిజినలేనా?" అని అడిగాడు.

నా భార్య గడపలో నిలబడి ఉంది. మా అమ్మాయి నర్సింగు కాలేజీ ఫీజు కట్టడానికి ఇంకా పది దినాలే గడువు. లక్షా పదివేలు కావాలి. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ప్రియ పాఠకులారా, దీని సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కు పోవాలి.

మా నాయన పుంగనూరు చుట్టుపక్కల పల్లెలలో సువార్తికుడుగా పనిచేశాడు. చాలా ఏండ్లు సైకిలే. 1981లో మదనపల్లెలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఈ 1970 మోడలు జావా బండిని కొన్నాడు. దానికోసం మా అమ్మ కమ్మలు పోయాయి. నాకప్పుడు రెండేండ్లు. చెవులకు వేపపుల్లలు పెట్టుకొని అమ్మ ఆ బండి వెనుక కూర్చొని గుడికి పోయేదని మా మేనత్త ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

చిన్నవారికి తెలియదు గనుక చెబుతున్నాను. చెకోస్లోవేకియా దేశపు జావా బండ్లను 1961 నుండి మన పొరుగున మైసూరులోనే తయారుచేశారు. తరువాత అదే ఫ్యాక్టరీ బండికి యెజ్డీ అని పేరు వచ్చింది. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. 250 సీసీ టూస్ట్రోకు ఇంజను, ఒకే సిలిండరు, కాని సైలెన్సర్లు రెండు. గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి లేపితే అదే కిక్కు రాడ్డు అవుతుంది. మొదటిసారి చూసినవాడు కిక్కు ఎక్కడుందని బండి చుట్టూ తిరుగుతాడు. క్లచ్చి పట్టకపోయినా గేరు పడుతుంది. దాని శబ్దం మైలు దూరం నుండి తెలిసేది. పల్లెలో పిల్లలు ఆ శబ్దం విని "అయ్యగారొచ్చినాడు" అని పరుగెత్తి వచ్చేవారు.

నాయన 2006లో ప్రభువునందు నిద్రించాడు. బండి నా చేతికి వచ్చింది. ఆయన దాన్ని ఎట్లా చూసుకున్నాడో నేను అట్లా చూసుకోలేదు. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

2011లో పిస్టను, రింగులు మార్చవలసి వచ్చింది. కంపెనీ సామాను పద్నాలుగు వందలు, డూప్లికేటు ఆరువందల యాభై. మెకానిక్కు కంపెనీదే వేద్దామన్నాడు. వద్దన్నది నేనే. చూపుకు రెండూ ఒకటిగానే ఉన్నాయి గదా అనుకున్నాను. మూడు వారాలు బాగానే నడిచింది. ఒక మధ్యాహ్నం పెండ్లి ముగించుకొని నేనూ నా భార్యా పుంగనూరు నుండి పలమనేరు వైపు వస్తూ ఉండగా ఇంజను ఒక్కసారిగా పట్టేసింది. వెనుక చక్రం తిరగడం మానింది. బండి పక్కకు జారి ఇద్దరమూ కంకరలో పడ్డాము. నాకు మోచేయి గీసుకుపోయింది. ఆమె కుడి మణికట్టు విరిగింది. ఆ చేత్తో ఆమె ఈ రోజుకీ నీళ్ల బిందె ఎత్తలేదు.

పిస్టను వేడికి ఉబ్బుతుంది. ఎంత ఉబ్బుతుందో లెక్కగట్టి, దానికి తగిన లోహం కలిపి, సిలిండరుకూ పిస్టనుకూ మధ్య వెంట్రుక మందం కన్నా తక్కువ ఖాళీ వదిలి కంపెనీవారు చేస్తారు. డూప్లికేటు చేసేవాడు కొలత మాత్రం చూసి చేస్తాడు, లోహం సంగతి పట్టించుకోడు. చల్లగా ఉన్నప్పుడు రెండూ సరిపోతాయి. ఎండలో, ఇద్దరిని ఎక్కించుకొని, ఎత్తు ఎక్కేటప్పుడు తేడా తెలుస్తుంది. ఏడువందల యాభై రూపాయలు మిగుల్చుకోబోయి ఇంత చేసుకున్నాను. నా భార్య మాత్రం ఈనాటి వరకు ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. అదే నాకు మరీ కష్టంగా ఉంటుంది.

సిలిండరు లోపల లోతుగా గీతలు పడ్డాయి. అప్పటికే చివరి సైజు వరకు బోరు చేయించి ఉన్నాము గనుక ఇంకొక యెజ్డీ బండి సిలిండరు తెచ్చి బిగించారు. చూసేవారికి తేడా తెలియదు. మరుసటి ఏడు ట్యూనింగు కోసమని ఒక షెడ్డులో నాలుగు దినాలు వదిలాను. అక్కడ కార్బురేటరే మారిపోయింది. నాకు ఆ సంగతి కూడా బెంగుళూరులో తెలిసింది.

కుప్పంలో రైలెక్కి, దిగి, జె.సి. రోడ్డులో స్పేర్‌పార్టుల అంగళ్లన్నీ తిరిగాను. మూతపడిన ఫ్యాక్టరీ సామాను అక్కడక్కడ పాత స్టాకుగా దొరుకుతుంది. ఒక అంగడిలో పెద్దాయన నా కార్బురేటరు చూసి, "ఇది మీ బండిది కాదప్పా" అన్నాడు. మంచి సామాను ఎట్లా గుర్తుపట్టాలో కూడా ఆయనే నేర్పాడు. పెట్టె చూసి మోసపోవద్దు, పెట్టెలు ఎవరైనా అచ్చువేయిస్తారు. చేతిలో పట్టుకొని బరువు చూడు. పోత పోసిన అంచులు నున్నగా ఉన్నాయా చూడు. మర బిగించేటప్పుడు వేళ్లతోనే సగం దూరం పోవాలి, మొదటి చుట్టుకే స్పానరు అడిగితే అది వద్దు అన్నాడు. 2018లో జావా పేరుతో మళ్లీ కొత్త బండ్లు వచ్చాయి గాని అవి ఫోర్‌స్ట్రోకువి, వాటి సామాను దీనికి పనికిరాదు.

అయితే ఒరిజినల్ అన్న ప్రతిదానికీ దండం పెట్టనక్కరలేదు. రబ్బరు సామాను ఏ పెట్టెలో ఉన్నా ముసలిదవుతుంది. నలభై ఏండ్ల ఆయిలు సీలు కంపెనీదే అయినా గట్టిపడి పగులుతుంది. టైర్లు, వైర్లు, బ్రేకు లైనింగు కొత్తవి, మంచివి వేయాలి. పాత బ్రేకు ఒరిజినల్ అని మురిసిపోయేవాడు మలుపులో మురిసిపోలేడు.

ఆ కుర్రవాడు టీ తాగుతూ అమెరికా సంగతి చెప్పాడు. 1964లో పాంటియాక్ కంపెనీ జీటీఓ అనే కారు తెచ్చిందట. దాని ఇంజను దాదాపు 6,400 సీసీ. అంటే మా జావా లాంటివి ఇరవై అయిదు! అట్లాంటి బలమైన కార్లను అక్కడ మజిల్ కార్లు అంటారు. ఇప్పుడు వాటిని కొనేవారు మొదట చూసేది ఇంజను మీది అంకెలు. కారుతోబాటు ఫ్యాక్టరీలో పుట్టిన ఇంజనే అయితే ఒక ధర, తరువాత తెచ్చి పెట్టినదైతే దానికి చాలా తక్కువ ధర. అందుకని అంకెలు అరగదీసి కొత్తవి కొట్టే దొంగలూ ఉన్నారట. నాకు పుంగనూరు ఆవు గుర్తుకు వచ్చింది. మూడడుగులకు మించని ఆ పొట్టి ఆవును మా చిన్నతనంలో పట్టించుకున్నవారు తక్కువ. ఇప్పుడు లక్షలు పెడుతున్నారు, అసలు జాతేనా అని పదిసార్లు అడుగుతున్నారు. పొట్టి సంకర దూడలను చూపి అమ్మేవారూ లేకపోలేదు.

సరే, అతని ప్రశ్న అట్లాగే ఉంది. లక్షా నలభై వేలు ఇస్తానన్నాడు. నంబర్లు సరిపోయాయి, ట్యాంకు నాయన నాటిదే, క్రోము పోయినా సొట్ట లేదు. సిలిండరు సంగతి నేను చెప్పకపోతే అతనికి తెలియదు. విప్పితే గాని ఎవరికీ తెలియదు.

నేను నా భార్య వైపు చూశాను. ఆమె తన మణికట్టు వైపు చూసుకుంది. "చెప్పండి" అంది.

చెప్పాను. సిలిండరు వేరే బండిది, కార్బురేటరు వేరేది, పిస్టను ఎప్పుడు ఏది వేశామో అదీ చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఎనభై వేలకు మించి ఇవ్వలేనన్నాడు. అది న్యాయమే. నేను సరేననే లోపల అతనే, "ఆ పాత సిలిండరు పాత ఇనుములో వేసేశారా?" అని అడిగాడు.

నా భార్య లోపలికి పోయింది. మంచం కింద నుండి నాయన పాత పంచెలో చుట్టిన మూటను ఎడమ చేత్తో ఈడ్చుకుంటూ తెచ్చింది. అది అక్కడ ఉన్నట్టు నాకే తెలియదు. పద్నాలుగేండ్లుగా ప్రతి సంవత్సరమూ నూనె పూసి పెట్టిందట. కుర్రవాడు మూట విప్పి, లోపల వేలు పెట్టి గీతలు తడిమి, "స్లీవు వేయిస్తే పనికొస్తుంది" అన్నాడు. మరి పదిహేను వేలు ఎక్కువ ఇచ్చాడు. తక్కువైన పదిహేను వేలు సంఘంలో ఒక సహోదరుని దగ్గర చేబదులు తీసుకున్నాను. ఇంకా సగం తీర్చవలసి ఉంది.

సోమవారం టాటా ఏస్‌లో బండి ఎక్కించుకొని పోయాడు. నవంబరులో ఒక రాత్రి నా ఫోనుకు ఏదో పంపించాడు. చూస్తే బొమ్మ సరిగా లేదు, చీకటి. శబ్దం మాత్రం ఉంది. పొయ్యి దగ్గర ఉన్న నా భార్య తల ఎత్తి, "మామ వచ్చినట్టుందే" అంది.