నురగ దాటి వచ్చే ఏరు

నందికొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని హోస్కోటె చెరువును నింపి దిగువకు వచ్చేసరికి బెళ్లందూరు, వర్తూరు చెరువుల మురుగును కలుపుకుంటుంది. బాగలూరు దగ్గర తమిళనాడులో అడుగుపెట్టి తెన్‌పెణ్ణై అవుతుంది. హోసూరు పక్కన కెలవరపల్లి డ్యాం గేట్లు ఎత్తినప్పుడు నీళ్లకంటే ముందు తెల్లటి నురగే కళ్లబడుతుంది. అది చూసినప్పుడల్లా నాకు నీటికుక్క గుర్తొస్తుంది.

నీళ్లు గాలికంటే పాతిక రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి. తిమింగలానికైతే మందపాటి కొవ్వు పొర ఉంది. నీటికుక్కకు అది లేదు, బొచ్చే దిక్కు. పైన పొడుగాటి గరుకు వెంట్రుకలు, వాటి అడుగున ఒత్తైన మెత్తటి నూగు. ఆ నూగులో చిక్కుకున్న గాలి నీళ్లను చర్మం దాకా రానివ్వదు. మునిగినప్పుడు బుడగలు లేచేది అక్కడినుంచే. గట్టెక్కి ఇసుకలో పొర్లేది ఆటకే అనుకుంటాం గానీ, తడి ఆర్చుకుని బొచ్చును చక్కబెట్టుకోవడం కూడా అందులో ఉంది. డ్యాం దగ్గరి ఆ నురగ సబ్బుదే. సబ్బు గుణం నీటిని గుడ్డ పోగుల్లోకి చొప్పించడం. బొచ్చులోకీ అలాగే చొప్పిస్తుంది. గాలి పోతే వెచ్చదనమూ పోతుంది.

ఒళ్లు చిన్నదయ్యేకొద్దీ ఈ కష్టం పెరుగుతుంది. ఐరోపా వాగుల్లో తిరిగే నీటి చుంచు తూకం 12 నుంచి 18 గ్రాములే. చల్లటి నీళ్లలో కొన్ని క్షణాలు మునిగి, పురుగును పట్టి, గట్టుకు పరుగెత్తుతుంది. దాని అమెరికా బంధువు నీటి అడుగున వాసన కూడా చూస్తుందని 2006లో జీవశాస్త్రవేత్త కెన్నెత్ కటానియా చూపించాడు: ముక్కుతో బుడగ వదిలి, ఎదుటి వస్తువుకు తగిలించి, అదే గాలిని తిరిగి పీల్చుకుంటుంది. ఆ చిన్న ముక్కు తెలివికి నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. మునకలో గుండె నెమ్మదించడం, కండరాల్లోని మయోగ్లోబిన్ దాచిన ఆక్సిజన్‌ను పొదుపుగా వాడుకోవడం మునిగే క్షీరదాల్లో చాలావాటికి తెలిసిన విద్యే.

కృష్ణగిరి డ్యాం, కావేరిపట్నం దాటాక తెన్‌పెణ్ణై తూర్పుకు మళ్లుతుంది. కల్లావి ఊరి చేలమీద కురిసిన వాన చివరికి దీన్లోకే చేరుతుంది. నీటికుక్కలు తిరిగేది మాత్రం కృష్ణగిరి జిల్లాకు అవతలి అంచున, కావేరిలో. 2022లో ప్రకటించిన కావేరి దక్షిణ అభయారణ్యం కాపాడే జంతువుల్లో అవీ ఉన్నాయి.

అయినా హనుమాన్‌తీర్థం దగ్గర తెన్‌పెణ్ణై ఇసుకలో దిగినప్పుడల్లా చేపపొలుసులు కలిసిన నీటికుక్క మలం కోసం వెతుకుతాను. మొన్న వెళ్లినప్పుడు కొంగల అడుగులే కనిపించాయి.