హ్యూమంగస్ అంటే ఎంత?

మా ఆఫీసులో ఈ మాట వినపడని రోజు లేదు. హ్యూమంగస్ డేటా, హ్యూమంగస్ ఎఫర్ట్, హ్యూమంగస్ టాస్క్.. నేనూ తెగ వాడేవాణ్ణి. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగ్‌లో ఇంగ్లీషు పట్టుకున్నవాణ్ణి కదా, బరువైన మాట దొరికితే ఓ పట్టాన వదలబుద్ధి కాదు. "బిగ్" అంటే మరీ ఒకటో క్లాసు మాట. "హ్యూజ్" అందరూ అనేదే. హ్యూమంగస్ అన్నామనుకోండి, నోరు నిండుతుంది. మన "బ్రహ్మాండం" లాగా.

చూడబోతే దీనికి పెద్ద వంశచరిత్ర ఏమీ లేదు. ఎనార్మస్ లాంటివి లాటిన్ నుంచి దిగిన పాతకాపులు. అందులో దాక్కున్న "నోర్మా" అంటే వడ్రంగి వాడే మూలమట్టం అట. అంటే మట్టానికి లొంగనిది, హద్దు మీరినది అని. ఎంత ముచ్చటగా ఉందో చూడండి! మన హ్యూమంగస్ మాత్రం 1970కి కాస్త అటూఇటూగా అమెరికా కుర్రకారు నోట్లో పుట్టింది. హ్యూజ్‌నీ మాన్‌స్ట్రస్‌నీ కలిపి తిప్పితే వచ్చిందంటారు. డిక్షనరీలు ఇప్పటికీ దాని పక్కన "ఇన్ఫార్మల్" అని రాస్తాయి. వాళ్ళు స్నేహితుల మధ్య అనుకునే మాటని మనం స్టేటస్ రిపోర్టులో టై కట్టి కూర్చోబెట్టాం :-) అన్నట్టు, మొంగోడీబీ పేరులోని "మొంగో" కూడా హ్యూమంగస్ నడుములోంచి తీసిందే. నేను చాలా రోజులు మామిడిపండు అనుకున్నాను.

సరే, అసలు సంగతికొస్తా.

మా సర్వీసొకటి జావా 8 మీద ఏళ్ళ తరబడి కిక్కురుమనకుండా నడిచింది. దాన్ని జావా 11కి మార్చే పని నాకిచ్చారు. మార్చాను. టెస్టింగ్ అంతా పచ్చగా ఉంది, శనివారం రాత్రి ప్రొడక్షన్‌లోకి పంపాం. సోమవారం లోడు పెరిగేసరికి సర్వీసు మధ్యమధ్యలో ఆగి ఆలోచించుకోవడం మొదలెట్టింది. గార్బేజ్ కలెక్టర్ లాగు తెరిస్తే వరసగా ఒకటే మాట: "జీ1 హ్యూమంగస్ అలొకేషన్". పేజీలకి పేజీలు అదే.

నేను దాన్ని విశేషణంగా చదువుకున్నాను. అంటే ఎవడో ఎక్కడో బోలెడంత మెమరీ లాగేస్తున్నాడని. ఎవరా అని వెతికితే, ఫైళ్ళు చదివే మాడ్యూల్ తేలింది. రాసింది మా టీంలో ఏడాది క్రితం ఫ్రెషర్‌గా చేరిన అమ్మాయి. వెంటనే మేనేజరుకి మెయిల్ కొట్టాను, టీం మొత్తానికి కాపీ పెట్టి మరీ: ఈ మాడ్యూల్ హ్యూమంగస్ మెమరీ తింటోంది, అందువల్లే ఆగుతోంది అని.

కాల్‌లో మేనేజరు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "ఎంత?"

"చాలా అండీ. లాగులో కూడా అదే మాట ఉంది" అన్నాను. ఇంకెవరూ మాట్లాడలేదు. యంత్రమే సాక్ష్యం చెప్పినట్టుంది మరి.

ఆ అమ్మాయి తర్వాత నా డెస్కు దగ్గరికొచ్చి, "అన్నా, నా బఫర్ ఒక్క ఎంబీయే కదా" అంది. "ఒక్కటే అనుకోకు, ఎన్ని రిక్వెస్టులొస్తాయో చూడు" అని పెద్దరికం చేశాను. సర్వర్లు రెండు పెంచి ఆ వారం ఎలాగో గట్టెక్కాం.

మూడు వారాల తర్వాత వేరే సర్వీసులో అవే లైన్లు కనపడ్డాయి. ఈసారి ఆ మాడ్యూల్ లేదు, ఆ అమ్మాయీ లేదు. అప్పుడు కూర్చుని డాక్యుమెంటేషన్ చదివాను. మొదటి రోజే చదవాల్సింది.

విషయం ఇదీ. జీ1 కలెక్టర్ హీప్‌ని సమానమైన ముక్కలుగా కోస్తుంది, ఒక్కోదాన్నీ రీజియన్ అంటారు. మా హీప్ 4 జీబీ కాబట్టి ముక్క 2 ఎంబీ. ఏ వస్తువైనా ముక్కలో సగానికి మించితే దానికి పెట్టిన పేరు హ్యూమంగస్. పొగడ్తా కాదు, తిట్టూ కాదు. ఒక కొలత, అంతే. అలాంటిది వస్తే ఒక ముక్కనో, చాలకపోతే పక్కపక్కన ఉన్న నాలుగైదు ముక్కలనో పూర్తిగా దానికే రాసిచ్చేస్తారు. మిగిలిన చోటు ఎవరికీ పనికిరాదు. కొత్తగా పుట్టినవాటితో కలపకుండా నేరుగా ముసలివాటి గదిలో పడేస్తారు.

ఆ అమ్మాయి బఫర్ కచ్చితంగా 1 ఎంబీ. అంటే 10,48,576 బైట్లు. సరిగ్గా సగం. కానీ జావాలో ప్రతి ఎర్రేకీ నెత్తిన ఒక హెడర్ ఉంటుంది, 16 బైట్లు. ఆ 16 బైట్లతో గీత దాటింది! ఫోన్‌తో తీసిన ఒక ఫొటో కంటే చిన్నది, కానీ హ్యూమంగస్. ఒక్కో బఫర్‌కీ 2 ఎంబీల ముక్క పోతోంది, అందులో దాదాపు సగం వృథా. జావా 8లో మేం వాడిన పాత కలెక్టర్‌కి ఈ ముక్కల గొడవే లేదు, అందుకే అన్నాళ్ళూ నడిచింది. జావా 9 నుంచి జీ1 డిఫాల్టు అయింది. ఆ మార్పుని తెచ్చి పెట్టింది ఎవరయ్యా అంటే, నేను. ఆ పిల్ల కోడ్‌లో తప్పేం లేదు. బఫర్‌ని 512 కేబీకి తగ్గించాను, ఒక లైను. మర్నాటి లాగులో ఆ మాట లేదు.

మా నాన్నమ్మ "పుట్టెడు దుఃఖం" అంటే అతిశయోక్తి అనుకునేవాణ్ణి. ఆలోచిస్తే పుట్టి అంటే 20 తూములు, తూముకి 4 కుంచాలు. ఆవిడ దుఃఖాన్ని కూడా కొలపాత్రతో చెప్పింది. చిటికెడు, దోసెడు, గంపెడు.. అన్నిట్లోనూ ఎంతో కొంత లెక్క ఉంది. నేను మాత్రం లాగులో ఉన్న లెక్కని తీసుకెళ్ళి అతిశయోక్తి చేశాను.

మేనేజరుకి విడిగా మెయిల్ రాసి మొత్తం చెప్పాను. ఆయన మంచాయనే, కానీ ఈలోపు అప్రైజల్ ఫారాలు వెళ్ళిపోయాయి. ఆ అమ్మాయి ఫారంలో "మెమరీ వాడకంలో శ్రద్ధ పెరగాలి" అని ఒక వాక్యం ఉందట. "ఇప్పుడు తెరవరు, వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు.

ఆ అమ్మాయికీ చెప్పాను. మొత్తం విని, లెక్క ఇంకోసారి చెప్పించుకుని, "16 బైట్లా!" అని నవ్వింది. కాసేపాగి, "అన్నా, ఇది సార్‌కి ఒక్కరికే రాశారా? మొదటి మెయిల్‌లో అందరూ ఉన్నారు కదా" అంది.

ఆ పాత మెయిల్ వెతికి పట్టుకుని రిప్లై ఆల్ నొక్కాను. నాలుగు లైన్లు రాయడానికి అరగంట పట్టింది. "హ్యూమంగస్ అపాలజీస్" అని మొదలుపెట్టి, చెరిపేసి, అంకెలు రాశాను.